జాక్‌హామర్ నుంచి ట్రాక్టర్ సీటు దాకా: ఒంటికి ఎక్కే అదురును కొలవడం ఎలా?

ఒంగోలు దగ్గరి చీమకుర్తి, ఆర్.ఎల్.పురం వైపు గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లర్లను కదిలిస్తే, "సాయంత్రానికి చేతులు మొద్దుబారతాయి సార్, అది మామూలే" అంటారు. ఆ మామూలు ఎంతో, ఏ పనివల్ల ఎంత వస్తోందో అంకెల్లో తేల్చే పద్ధతి ఈ వ్యాసంలో ఉంది. క్వారీ సూపర్‌వైజర్లు, పాలిషింగ్ యూనిట్ల మేనేజర్లు, సేఫ్టీ ఆఫీసర్లు, ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన డిప్లొమా కుర్రాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. పని చేసేవాళ్లు చదివినా అర్థం కావాలి కాబట్టి, లెక్కలు పదో తరగతి స్థాయి దాటనివ్వలేదు.

ఒక మాట ముందే చెబుతాను. ఈ పనిలో చాలామంది మీటర్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా గడియారం మీద పెట్టరు. లక్షల ఖరీదు చేసే మీటర్‌తో అదురును దశాంశాల దాకా కొలిచి, "రోజుకి ఎన్ని గంటలు?" అనే గడిలో మాత్రం నోటికొచ్చిన అంకె వేస్తారు. రిపోర్టు తప్పేది ఎక్కువగా అక్కడే.

అదురు ఒంట్లోకి వచ్చే రెండు దారులు

జాక్‌హామర్, గ్రైండర్, చైన్‌సా లాంటివాటి అదురు అరచేతి నుంచి మోచేతి దాకా పోతుంది. ట్రాక్టర్, టిప్పర్, డంపర్, హిటాచీల అదురు సీటు మీద నుంచి నడుములోకి ఎక్కుతుంది. రెండింటికీ ప్రమాణాలు, సెన్సర్లు, హద్దులు అన్నీ వేరు. చేతి అదురుకు ఐఎస్ఓ 5349 (2001), ఒంటి అదురుకు ఐఎస్ఓ 2631-1 (1997) చూడాలి. ఈ రెండు అంకెలనూ ఎప్పుడూ కలపకూడదు. ట్రాక్టర్ స్టీరింగ్ కూడా చేతులను అదిలిస్తుంది కదా అంటే, అదిలిస్తుంది. దాన్ని చేతి లెక్కలో విడిగా వేసుకోవాలి.

చేతి అదురు రక్తనాళాలను, నరాలను దెబ్బతీస్తుంది. వేళ్ల కొసలు తిమ్మిరెక్కడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, చలికి వేళ్లు సున్నం రాసినట్టు తెల్లబడటం దీని గుర్తులు. 1918లో అమెరికా డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్‌లో, గాలితో నడిచే సుత్తులు పట్టిన సున్నపురాయి కార్మికుల చేతులను పరీక్షించి ఈ తెల్లబడటాన్ని నమోదు చేశారు. అక్కడి చలికాలం ఒంగోలుకు రాదు. మన వేడిలో వేళ్లు తెల్లబడటం అంతగా కనబడకపోవచ్చు, తిమ్మిరి, స్పర్శ తగ్గడం ముందు బయటపడతాయి. కాబట్టి "మావాళ్లెవరికీ వేళ్లు తెల్లబడలేదు" అనే మాటను పట్టుకుని కొలత మానుకోకూడదు. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున బండి హ్యాండిల్ పట్టుకున్నప్పుడు ఏమవుతోందని అడగండి. డ్రిల్లర్లలో తమిళం, ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి, అడిగేది వాళ్ల భాషలోనే అడగాలి.

మొదటి అడుగు: ఎవరి చేతిలో ఏముంది?

మీటర్ బయటికి తీయకముందే ఒక పూట ఊరికే తిరగండి. ఒక నోటు పుస్తకంలో మనిషి వారీగా రాయండి, మెషీన్ వారీగా వద్దు. హద్దు వర్తించేది మనిషికి. పొద్దున జాక్‌హామర్ పట్టినవాడే మధ్యాహ్నం గ్రైండర్ పట్టవచ్చు, సాయంత్రం బ్లాక్ అంచులు దిద్దే చిప్పింగ్ హ్యామర్ కూడా అతని చేతికే రావచ్చు. మెషీన్ వారీగా రాస్తే ఆ ముగ్గురూ ఒక్క మనిషేనని కనబడదు.

ప్రతి పనిముట్టుకూ కంపెనీ, మోడల్, ఏ బిట్టు లేదా ఏ డిస్కు, అరుగుదల ఎంత, ఏ రాయి మీద వాడుతున్నారు అనేవి రాయండి. గెలాక్సీ గ్రానైట్ మీద పోయే డ్రిల్లు, మార్కాపురం పలకరాయి మీద పోయే డ్రిల్లు ఒకే మోడల్ అయినా అదురు ఒకటి కాదు. కంప్రెసర్ గాలి ఒత్తిడి కూడా రాసుకోండి. తర్వాత ఎవరైనా కొలత తిరగేస్తే ఈ వివరాలే ఆదుకుంటాయి.

రెండో అడుగు: గడియారం

డ్రిల్లర్‌ని ఇలా అడిగి చూడండి.

"అన్నా, రోజుకి ఎంతసేపు జాక్‌హామర్ పట్టుకుంటావు?"

"పొద్దుననగా పట్టుకుంటే సాయంత్రం దాకా అదే పని సార్."

అతను అబద్ధం చెప్పడం లేదు. అతని పని అదే. కానీ మనకు కావలసింది మెషీన్ నడుస్తూ, చేయి దానిమీద ఉన్న సమయం మాత్రమే. రాడ్డు మార్చడం, కన్నం ఊదడం, తాడు కట్టి కొలత గీయడం, గొట్టం లాగడం, బీడీ, నీళ్లు ఇవన్నీ తీసేస్తే ఎనిమిది గంటల షిఫ్టులో నిజమైన అదురు సమయం గంటన్నర, రెండు గంటలకు దిగడం మామూలే. నోటి లెక్క నమ్మి ఎనిమిది గంటలు వేస్తే అంకె రెట్టింపు అవుతుంది. యజమాని ఆ రిపోర్టు చూసి "ఇది జరిగే పని కాదు" అని పక్కన పడేస్తాడు. అక్కడితో విషయం చచ్చిపోతుంది.

సులువైన దారి పనిని ముక్కలుగా లెక్కించడం. జాక్‌హామర్‌కు ముక్క అంటే ఒక కన్నం. పది కన్నాలకు స్టాప్‌వాచ్ పెట్టి, ట్రిగ్గర్ నొక్కిన సమయం మాత్రమే కూడండి. ఒక కన్నానికి సగటున ఎన్ని నిమిషాలో వస్తుంది. రోజుకి ఎన్ని కన్నాలో మేస్త్రీ పుస్తకంలో ఎలాగూ ఉంటుంది, ఎందుకంటే కూలీ చాలాచోట్ల దాని మీదే నడుస్తుంది. రెండూ గుణిస్తే చాలు. పాలిషింగ్ యూనిట్‌లో ముక్క అంటే ఒక స్లాబ్ అంచు. జామాయిల్, సుబాబుల్ తోటల్లో చైన్‌సాకు ముక్క అంటే ఒక చెట్టు.

ముక్కలుగా రాని పనికి ఫోన్‌లో ఆడియో రికార్డర్ పెట్టి, కాస్త దూరంలో నీడన ఉంచండి. సాయంత్రం ఆ రికార్డింగ్ తరంగాలను తెర మీద చూస్తే మెషీన్ ఎప్పుడు మోగిందో, ఎప్పుడు ఆగిందో కంటికే తెలుస్తుంది. పక్కన ఇంకో జాక్‌హామర్ మోగుతుంటే మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు వీడియో తీయాలి, లేదా మనిషి నిలబడి స్టాప్‌వాచ్ నొక్కాలి. కొలిచే రోజు మామూలు రోజై ఉండాలి. ఆఫీసర్ వస్తున్నాడని పని నెమ్మదించిన రోజు అంకె ఎందుకూ పనికిరాదు.

మూడో అడుగు: మీటర్, కాలిబ్రేటర్

అదురు మీటర్ అని బజార్లో దొరికే పెన్ను లాంటి పరికరాలు మోటారు బేరింగ్‌లు చూడటానికి చేసినవి. మనిషికి తగిలే అదురును కొలిచే మీటర్ ఐఎస్ఓ 8041-1 (2017) ప్రకారం తయారై ఉండాలి. అందులో మూడు దిక్కుల అదురును ఒకేసారి పట్టే యాక్సిలరోమీటర్ అనే సెన్సర్, మనిషి శరీరానికి తగ్గట్టు అదురును తూచే ఫిల్టర్ ఉంటాయి.

ఈ ఫిల్టర్ సంగతి తెలియకపోతే మీటర్ చూపే అంకె వింతగా ఉంటుంది. చేతికి సెకనుకు 8 నుంచి 16 సార్లు వచ్చే అదురు ఎక్కువ చెరుపు చేస్తుందని ప్రమాణం భావిస్తుంది. అక్కడ దాదాపు పూర్తి విలువ లెక్కలోకి వస్తుంది. అక్కడి నుంచి వేగం పెరిగేకొద్దీ ఈ తూకం తగ్గుతూ పోతుంది. సెకనుకు 31.5 సార్లు అయితే సగం, 160 సార్లు అయితే పదో వంతు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు దాదాపు 183. దాని అసలు అదురు ఎంత పెద్దదైనా లెక్కలోకి వచ్చేది పదో వంతు కంటే తక్కువే. జాక్‌హామర్ దెబ్బలు సెకనుకు ముప్ఫై, నలభై దగ్గర ఉంటాయి కాబట్టి అందులో దాదాపు సగం లెక్కకెక్కుతుంది. వేగంగా తిరిగే పనిముట్లకు ఈ తూకం మరీ ఉదారంగా ఉందని విమర్శించే నిపుణులున్నారు, నాకూ ఆ అనుమానం ఉంది. అయినా హద్దుల అంకెలన్నీ ఈ తూకం మీదే నిలిచి ఉన్నాయి కాబట్టి దాన్ని మార్చి కొలవకూడదు.

కొలతకు ముందూ తర్వాతా మీటర్‌ను, తెలిసిన అదురునిచ్చే కాలిబ్రేటర్‌తో సరిచూడాలి. చేతిలో పట్టే కాలిబ్రేటర్లు చాలావరకు సెకనుకు 159.2 సార్లు, 10 మీ/సె² (అదురును త్వరణంగా కొలిచే యూనిట్) అదురునిస్తాయి. సాయంత్రం చూసినప్పుడు పొద్దుటి అంకెతో బాగా తేడా వస్తే ఆ రోజు కొలతలన్నీ పక్కన పెట్టాలి. బాధగా ఉంటుంది, కానీ తప్పదు.

కొనే స్తోమత లేకపోతే అద్దెకు తెచ్చుకోవచ్చు, కొలిచే కన్సల్టెంట్లను పిలవచ్చు. అలా పిలిచినప్పుడు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తేదీ అడగండి. ఆ ప్రశ్నకు నసిగేవాడికి డబ్బు ఇవ్వకండి.

నాలుగో అడుగు: సెన్సర్ బిగించడం

కొలత నిలిచేదీ పడేదీ ఇక్కడే. సెన్సర్ చేయి పట్టుకునే చోటుకు వీలైనంత దగ్గరగా, హ్యాండిల్‌కు కదలకుండా బిగిసి ఉండాలి. రెండు చేతులూ పట్టే పనిముట్టు అయితే రెండు హ్యాండిళ్లకూ కొలవాలి, పెద్ద అంకె వచ్చిన చేతిని లెక్కలోకి తీసుకోవాలి. గ్రైండర్‌లో పక్క పిడికీ వెనక బాడీకీ మధ్య చాలా తేడా వస్తుంది.

గొట్టాలకు వేసే స్టీల్ హోస్ క్లిప్పుతో చిన్న లోహపు దిమ్మె బిగించి, దానిమీద సెన్సర్ స్క్రూతో బిగిస్తే మంచి పట్టు వస్తుంది. పుస్తకాల్లో మైనం, రెండు వైపులా అంటుకునే టేప్ కూడా చెబుతారు. మే నెలలో చీమకుర్తి క్వారీ గుంతలో మైనం పెడితే అది మధ్యాహ్నానికి జారిపోతుంది. జాక్‌హామర్ మీద టేప్ ఏ నెలలోనూ వద్దు. హ్యాండిల్‌కు మెత్తటి రబ్బరు తొడుగు ఉంటే దాన్ని తీసేసి బిగించాలి. తీయడం కుదరకపోతే క్లిప్పును రబ్బరు అణిగేంత గట్టిగా బిగించండి. రబ్బరు మీద వదులుగా కూర్చున్న సెన్సర్ తన ఊగులాటను తానే కొలుచుకుంటుంది. క్లిప్పుకు చోటే లేని పనిముట్లకు అరచేతిలో, లేదా వేళ్ల మధ్య పట్టుకునే అడాప్టర్లు ఉంటాయి.

సెన్సర్, దిమ్మె, క్లిప్పు కలిపిన బరువు హ్యాండిల్ బరువులో ఐదు శాతం మించకుండా చూసుకోవాలి. బరువు పెరిగితే హ్యాండిల్ అదిరే తీరే మారిపోతుంది. జాక్‌హామర్‌కు ఇది సమస్య కాదు, చిన్న డై గ్రైండర్‌కు పెద్ద సమస్య.

దిక్కులు కూడా గుర్తు పెట్టుకోవాలి. మధ్యవేలి ఎముక వెంట చేయి చాచిన దిక్కు ఒకటి, పట్టుకున్న కడ్డీ వెంట ఇంకొకటి, అరచేతిని చీల్చుకుని వెళ్లే దిక్కు మూడోది. చేతి కొలతలో మూడింటినీ కలుపుతాం కాబట్టి దిక్కు కాస్త తప్పినా మొత్తం మారదు. సీటు కొలతలో మాత్రం దిక్కు తప్పితే అంతా తప్పే.

వైరును సెన్సర్‌కు దగ్గరలోనే టేప్‌తో హ్యాండిల్‌కు అంటించాలి. వైరు కొరడాలా కొట్టుకుంటే ఆ దెబ్బ కూడా అదురుగా నమోదవుతుంది. తడి డ్రిల్లింగ్ చేసేచోట నీళ్ల నుంచి వైరు జాయింటును కాపాడుకోవాలి. వైరు తడుస్తుందని నీళ్లు ఆపి డ్రిల్ చేయించడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. అదురు కొలవబోయి రాతి దుమ్ము మింగించినట్టవుతుంది.

ఐదో అడుగు: కొలత

మామూలు పని మామూలు రాయి మీద చేయించండి. ఒక్కో కొలత కనీసం నిమిషం ఉంటే మంచిది. ఎనిమిది సెకన్ల కంటే చిన్న కొలతల మీద నమ్మకం పెట్టుకోవద్దని ప్రమాణమే చెబుతుంది. ఒకే పనికి కనీసం మూడు కొలతలు తీసి సగటు చూడాలి, మొత్తం సమయం నిమిషం దాటాలి. వీలైతే ముగ్గురు వేర్వేరు మనుషులతో చేయించండి. అనుభవం ఉన్న డ్రిల్లర్ మెషీన్‌ను తేలిగ్గా పట్టి దాని బరువుతోనే పని చేయిస్తాడు, కొత్తవాడు దానిమీద పడుకుంటాడు. ఆ తేడా అంకెల్లో కనబడుతుంది.

దెబ్బ కొట్టే పనిముట్ల మీద ఒక దొంగ తప్పు వస్తుంది. సుత్తి దెబ్బల్లోని చాలా వేగమైన కుదుపుకు సెన్సర్ లోపలి స్ఫటికం తట్టుకోలేక, లేని అదురును ఉన్నట్టు చూపిస్తుంది. డీసీ షిఫ్ట్ అంటారు. అంకె ఉన్నట్టుండి రెండు మూడు రెట్లు పెరిగినా, మీటర్ గ్రాఫులో పనిముట్టు దెబ్బల వేగానికి బాగా కింద పెద్ద గుట్ట కనబడినా దీన్నే అనుమానించాలి. సెన్సర్‌కూ దిమ్మెకూ మధ్య ఆ వేగమైన కుదుపును ఆపే మెకానికల్ ఫిల్టర్ పెట్టి మళ్లీ కొలవాలి. మీటర్‌లో ఓవర్‌లోడ్ గుర్తు వెలిగిన కొలతను "ఒక్కసారేగా" అని ఉంచుకోకండి.

ఆరో అడుగు: లెక్క

మీటర్ మూడు దిక్కుల అంకెలిస్తుంది. ఒక్కోదాన్ని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే చేతికి తగిలే మొత్తం అదురు వస్తుంది. చాలా మీటర్లు ఆ పని తామే చేసేస్తాయి.

దాన్ని ఎనిమిది గంటల రోజుకు సరితూగే అంకెగా, అంటే ఏ(8)గా మార్చే సూత్రం ఇది:

ఏ(8) = మొత్తం అదురు × √(గంటలు ÷ 8)

ఇలా వచ్చిన అంకెను మన దగ్గర కొలిచేవాళ్లు ఎక్కువగా యూరప్ 2002/44/ఈసీ ఆదేశంలోని హద్దులతో పోలుస్తారు. చేతికి 2.5 మీ/సె² దాటితే తగ్గించే చర్యలు మొదలుపెట్టాలి, 5 మీ/సె² ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. ఐఎస్ఓ 5349-1 అనుబంధంలోని అంచనా ప్రకారం, రోజూ 2.5 స్థాయిలో పనిచేసే గుంపులో పది శాతం మందికి వేళ్లు తెల్లబడటానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది. 5 అయితే ఆరేళ్ల లోపే. అంటే 2.5 కింద ఉన్నామంటే భయమే లేదని కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క చూపించడానికి వేసినవే, మీ క్వారీవి మీరు కొలుచుకోవాలి. జాక్‌హామర్ అదురు 16 మీ/సె². ఒక కన్నానికి 4 నిమిషాలు, రోజుకి 25 కన్నాలు. మొత్తం 100 నిమిషాలు, అంటే 1.67 గంటలు.

ఏ(8) = 16 × √(1.67 ÷ 8) = 7.3 మీ/సె²

పై హద్దు దాటింది. ఈ మనిషే తర్వాత గంటన్నర సేపు 6 మీ/సె² గ్రైండర్ పట్టాడనుకుందాం. దాని వాటా 2.6. రెండింటినీ నేరుగా కూడకూడదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. 7.3 వర్గం 53.3, 2.6 వర్గం 6.8, మొత్తం 60.1, దాని మూలం 7.75.

ఇప్పుడు ఆలోచించండి. గ్రైండర్ పని మొత్తం మాన్పించినా 7.75 కాస్తా 7.3కి మాత్రమే దిగుతుంది. జాక్‌హామర్ సమయం సగానికి తగ్గిస్తే దాని వాటా 7.3 నుంచి 5.2 అవుతుంది. సమయం అలాగే ఉంచి, అదురును 16 నుంచి 8కి తగ్గించే పనిముట్టు తెస్తే 3.65కి వస్తుంది. సమయం వర్గమూలం కింద ఉంది, అదురు బయట ఉంది. ఒకే సగం రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేస్తుంది. యజమానితో మాట్లాడేటప్పుడు చర్చ అంతా "షిఫ్టు తగ్గిద్దామా" అన్నదాని చుట్టూ తిరుగుతుంది, కానీ ఎక్కువ లాభం పనిముట్టు మార్చడంలోనే ఉంది.

సైట్‌లో వర్గమూలాలు చెప్పలేం. దానికి బ్రిటన్ ఆరోగ్య, భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ వాడే పాయింట్ల పద్ధతి చాలా బాగుంటుంది. గంటకు పాయింట్లు = 2 × అదురు × అదురు. రోజుకి 100 పాయింట్లంటే కింది హద్దు, 400 అంటే పై హద్దు. పాయింట్లను నేరుగా కూడవచ్చు. మన జాక్‌హామర్ గంటకు 512 పాయింట్లు, ఒక్కో కన్నానికి 34. మూడో కన్నానికి 100 దాటింది, పన్నెండో కన్నానికి 400 దాటింది. మేస్త్రీకి ఏ(8) చెబితే తల గోక్కుంటాడు. "పదకొండు కన్నాల తర్వాత మనిషిని మార్చు" అంటే వెంటనే అర్థమవుతుంది. మార్చిన మనిషి ఆ రోజు అప్పటికే ఇంకో అదురు పని చేసి రాకూడదు, అంతే.

మీటర్ లేకపోతే

బ్రాండెడ్ కరెంటు పనిముట్టు అయితే మాన్యువల్లో అదురు విలువ, దాని పక్కన కే అనే అనిశ్చితి రాసి ఉంటాయి. రెండింటినీ కూడి వాడండి. అది ప్రయోగశాలలో, కొత్త పనిముట్టుతో వచ్చిన అంకె. సైట్‌లో అది ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండవచ్చు, ముఖ్యంగా దెబ్బ కొట్టే రకాలకు. అది కూడా దొరక్కపోతే హెచ్ఎస్ఈ చెప్పిన మామూలు విలువలతో మొదలుపెట్టవచ్చు: రోడ్డు బ్రేకర్ 12, డెమోలిషన్ హ్యామర్ 15, హ్యామర్ డ్రిల్ 9, చైన్‌సా 6, గడ్డి కోసే బ్రష్ కట్టర్ 4 మీ/సె². వీటిలో చెడ్డవి 20, 25 దాకా పోతాయి. ఇలా వేసిన లెక్కకు "అంచనా" అని పెద్ద అక్షరాలతో రాయాలి. అంచనా లెక్కే 400 పాయింట్లు దాటేస్తే, మీటర్ కోసం ఎదురుచూడకుండా చర్య మొదలుపెట్టవచ్చు. కొలత అవసరం పడేది హద్దుకు దగ్గరలో తూగేవాటికే.

సీటు మీద అదురు

నెల్లూరు వైపు వరి మాగాణిలో దమ్ము చేసే ట్రాక్టర్లు, కృష్ణపట్నం రోడ్డు మీద తిరిగే టిప్పర్లు, సైదాపురం వైపు క్వార్ట్జ్ మోసే లారీలు ఈ లెక్కలోకి వస్తాయి. ఇక్కడ సెన్సర్ రబ్బరు బిళ్ల లోపల ఉంటుంది. దాన్ని సీటు మీద పెట్టి డ్రైవర్ దానిమీదే కూర్చోవాలి, కూర్చున్నప్పుడు సీటుకు ఒత్తుకునే రెండు ఎముకల మధ్యకు వచ్చేలా. టేప్‌తో అంటించండి, లేకపోతే నాలుగు గుంతలకే అది జారుతుంది. బిళ్ల మీది బాణం బండి ముందువైపు చూడాలి.

లెక్క చేతి లెక్కలాంటిది కాదు. ముందు వెనకల దిక్కును, పక్కల దిక్కును 1.4తో గుణించాలి, నిలువు దిక్కును అలాగే ఉంచాలి. మూడింటినీ కలపకుండా అందులో పెద్దదాన్ని మాత్రమే తీసుకోవాలి. హద్దులు 0.5, 1.15 మీ/సె². ఉదాహరణకు ట్రాక్టర్‌లో ముందు వెనకలకు 0.6, పక్కలకు 0.5, నిలువుకు 0.55 వచ్చాయనుకుందాం. 1.4తో గుణిస్తే మొదటిది 0.84, రెండోది 0.7. పెద్దది 0.84. ఆరు గంటల పనికి ఏ(8) 0.73. నిలువు కుదుపే ముఖ్యమనుకునేవాళ్లు ఇక్కడ తప్పుతారు, ట్రాక్టర్ ముందు వెనకలకు, పక్కలకు కూడా బాగా ఊగుతుంది.

టిప్పర్‌కు నిలువు దిక్కు పెద్దదవుతుంది, పైగా ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు లోడుతో వెళ్లేటప్పటికంటే ఎక్కువ అదురుతుంది. కట్టల స్ప్రింగులు బరువుకు తగ్గట్టు గట్టిగా ఉంటాయి, బరువు లేనప్పుడు అవి లొంగవు. అందుకే ఒక ట్రిప్పు పూర్తిగా, పోను రాను కొలవాలి. కనీసం ఇరవై నిమిషాలు ఉండటం మంచిది. ఖాళీగా 0.9 చొప్పున రెండు గంటలు, లోడుతో 0.6 చొప్పున మూడు గంటలు అనుకుంటే రోజు అంకె 0.58 వస్తుంది. లోడింగ్ దగ్గర ఇంజిన్ ఆన్‌లో ఉంచి కూర్చున్న సమయాన్ని తిరిగే సమయంలో కలపకండి.

డ్రైవర్ సీటు మీద నుంచి లేచిన క్షణం, మళ్లీ కూర్చున్న క్షణం మీటర్‌లో పెద్ద కుదుపుల్లా పడతాయి. అవి తీసేయాలి. గతుకుల రోడ్డు మీద పెద్ద ఎత్తేసే కుదుపులు ఎక్కువగా ఉంటే మామూలు సగటు వాటిని దాచేస్తుంది. అప్పుడు వీడీవీ అనే అంకె చూడాలి. అది నాలుగో ఘాతంతో లెక్క కట్టేది కాబట్టి ఒక్కో పెద్ద కుదుపుకూ ఎక్కువ విలువ ఇస్తుంది. దాని హద్దులు 9.1, 21. దమ్ము చేసే ఇనుప కేజ్ వీల్స్ తీయకుండా ట్రాక్టర్‌ను తారురోడ్డు మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిపేవాళ్లకు ఈ అంకె చూపించాలి. రోడ్డు పాడవుతుందని పోలీసులు ఆపుతారు, నడుము పాడవుతుందని ఆపేవాళ్లు లేరు.

ఫోన్ యాప్‌తో కుదరదా?

సీటుకు కొంతవరకు కుదురుతుంది. అక్కడ కావలసిన అదురు సెకనుకు 80 సార్ల లోపే, అందులో ముఖ్యమైనది ఇంకా కింద ఉంటుంది. ఏ రోడ్డు ఎక్కువ కుదుపుతోంది, ఏ సీటు అరిగిపోయింది అని పోల్చుకోవడానికి ఫోన్ చాలు. చేతి పనిముట్టుకు మాత్రం వద్దు. ఫోన్‌లోని సెన్సర్ సాధారణంగా సెకనుకు వంద చుట్టూ మాత్రమే నమూనాలు తీసుకుంటుంది, చేతి కొలతకు సెకనుకు వెయ్యికి పైగా అదురులను పట్టాలి. పైగా ఫోన్ కెమెరాకే ప్రమాదం. మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కు ఐఫోన్ నేరుగా బిగించవద్దని, ఆ అదురుకు కెమెరా లోపలి భాగాలు చెడవచ్చని ఆపిల్ కంపెనీ 2021లోనే చెప్పింది. ఇక జాక్‌హామర్ సంగతి చెప్పాలా?

అంకె వచ్చాక

మొదట అడిగేది గ్లవ్స్ గురించి. అదురు తగ్గించే గ్లవ్స్‌కు ఐఎస్ఓ 10819 అనే పరీక్ష ఉంది. అందులో గెలవాలంటే సెకనుకు 25 నుంచి 200 సార్ల మధ్య అదురును పదో వంతు తగ్గించినా చాలు. జాక్‌హామర్ దెబ్బలు అక్కడే ఉంటాయి. సర్టిఫికెట్ ఉన్న గ్లవ్స్ వేసుకున్నా ఆ అంకెలో పెద్ద తేడా రాదు, లెక్కలో గ్లవ్స్ పేరుతో ఏమీ తీసేయకూడదు. చేతులు వెచ్చగా, కోతలు లేకుండా ఉండటానికి మాత్రం వేసుకోవాలి. జాక్‌హామర్ నుంచి వదిలే చల్లటి గాలి వేళ్ల మీదికి కొట్టకుండా మళ్లించడం కూడా మంచిది, ఖర్చు లేని పని.

నిజంగా తగ్గించేవి వేరు. బ్లాక్ కోయడానికి కుదిరినంతవరకు డైమండ్ వైర్ సా వాడితే చేతి డ్రిల్లింగ్ తగ్గుతుంది. మిగిలిన కన్నాలకు స్టాండు మీద నిలబెట్టే డ్రిల్లు వాడవచ్చు. బిట్టుకు సమయానికి సాన పట్టాలి, మొద్దు బిట్టు అదురునూ సమయాన్నీ రెండింటినీ పెంచుతుంది. లారీల విషయంలో ముందు క్వారీ లోపలి దారి చదును చేయించండి, తర్వాత సీటు మార్చండి, ఆ తర్వాతే డ్రైవర్ గంటల గురించి మాట్లాడండి.

క్వారీలు గనుల భద్రతా నిబంధనల కిందికి వస్తాయి కాబట్టి మీ రిపోర్టును, గనుల భద్రతను చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ తనిఖీకి వచ్చినప్పుడు చూపగలిగేలా ఉంచుకోవాలి. అందులో ఏ(8) అంకె ఒక్కటే వేస్తే పనికిరాదు. మనిషి చేసే పని, పనిముట్టు మోడల్, బిట్టు స్థితి, రాయి, గాలి ఒత్తిడి, సెన్సర్ ఎక్కడ ఎలా బిగించారో చూపే ఫోటో, మూడు దిక్కుల అంకెలు విడివిడిగా, సమయం ఎలా కొలిచారో, కాలిబ్రేషన్ ముందు తర్వాతల అంకెలు ఉండాలి. పక్కనే మీరు అనుకునే తేడా ఎంతో కూడా రాయండి. ఇలాంటి కొలతల్లో అటూ ఇటూ ఇరవై, ముప్ఫై శాతం తేడా రావడం వింతేమీ కాదు. 4.8 వచ్చిందని "5 దాటలేదు, సురక్షితం" అని రాసే రిపోర్టును నేనైతే నమ్మను. మళ్లీ ఎప్పుడు కొలవాలంటే పనిముట్టు మారినప్పుడు, రాయి మారినప్పుడు, కన్నాల సంఖ్య పెరిగినప్పుడు, లేదా ఎవరైనా చేతులు మొద్దుబారుతున్నాయని కొత్తగా చెప్పినప్పుడు. చివరిది జరిగితే కొలతకంటే ముందు అతన్ని డాక్టర్ దగ్గరికి పంపాలి, వెళ్లేటప్పుడు పాత రిపోర్టు కాపీ అతని చేతికివ్వాలి. రోజూ జాక్‌హామర్ పడతాడని తెలియకపోతే డాక్టర్ మెడ నరమనో, షుగర్ అనో అనుకునే అవకాశం ఎక్కువ.